తవుడు బిల్లు

ఇంకా పాకడం కూడా రాని హవిష్‌కి, మండపేట బైపాస్ రోడ్డు మీదున్న విశ్వాస విశ్వవిద్యాలయంలో సైబర్ భద్రత, డిజిటల్ నమ్మకం అనే అంశం మీద పిహెచ్‌డి సీటు వచ్చింది. పూర్తి ఫెలోషిప్పు కూడా వచ్చింది. ఆ సంగతి విని వీధిలో ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఏడో నెల నిండేదాకా ఏం చేస్తున్నారని మాత్రం ఇద్దరు ముగ్గురు అడిగారు. వెనక వీధి టైలరుగారి మనవరాలు అయిదో నెలలోనే చేరిపోయిందట.

విశ్వవిద్యాలయం మొదట్లో పెద్దవాళ్ళనే తీసుకునేది. పెద్ద చదువులు చదివినవాళ్ళు, ఉద్యోగాలు చేసి విసిగినవాళ్ళు వచ్చి చేరేవారు. వాళ్ళల్లో కొలవడానికి సరిపడా నమ్మకం లేదని పరికరాలు తేల్చాయి. ఒకాయనలో కాస్త కనిపించిందిగానీ, అది ఆయనకి తన మీద తనకున్నదని తేలింది. ఆ రకం నమ్మకం ఈ విభాగం కిందికి రాదు. అందుకని పాలకమండలి కూర్చుని అర్హతలు సవరించింది. అభ్యర్థికి పళ్ళు వచ్చి ఉండకూడదు. మాటలు వచ్చి ఉండకూడదు. అంతకుముందు ఎవరి చేతిలోనూ మోసపోయి ఉండకూడదు. చెవులు కుట్టించిన పిల్లలు ఈ చివరి నిబంధన దగ్గర ఆగిపోయేవారు. కుట్టేముందు నొప్పుండదని వాళ్ళకి ఎవరో ఒకరు చెప్పే ఉంటారు కదా.

హవిష్ తల్లి వీరవేణికి ఇరవై రెండేళ్ళు. ఇంటర్ రెండో సంవత్సరం పుస్తకాలకి అట్టలు వేసుకుంటుండగా సంబంధం కుదిరింది. అట్టలు వేసిన పుస్తకాలు చెల్లెలికి వెళ్ళాయి. ఆ తర్వాత వీరవేణి చదివినవన్నీ పాలడబ్బాల మీద, మందు సీసాల మీద రాసినవే. వాటిని మాత్రం ధర దగ్గర్నుంచి హెచ్చరికల దాకా ఒక్క ముక్క వదలకుండా చదివేది. పిల్లవాడు తుమ్మితే భయపడేది, రోజంతా తుమ్మకపోతే ఇంకా భయపడేది. ఎదురింటి పిల్లకంటే వాడు ఆలస్యంగా బోర్లా పడ్డాడని ఒకరోజంతా అన్నం తినలేదు.

ఆమె భర్త ధనరాజు సెల్‌ఫోన్లు బాగుచేసే షాపులో పనిచేసేవాడు. కాబట్టి ఇంట్లో సైబర్ భద్రత గురించి మాట్లాడే అధికారం అతనిదే.

"ముందు ముందంతా ఇదేనే వేణీ. ఎవడు ఎవడో తేల్చి చెప్పేవాడికే గిరాకీ" అన్నాడు దరఖాస్తు నింపుతూ.

"వీడికింకా నడుమే సరిగ్గా నిలబడట్లేదండీ."

"నడుంతో పనేంటే పిహెచ్‌డికి?"

ఇంటర్వ్యూ రోజున పొడుగాటి బల్ల మీద రబ్బరు షీటు పరిచి హవిష్‌ని పడుకోబెట్టారు. హవిష్‌కి తెలియని పెద్దమీసాల మనిషిని, గేటు దగ్గర కాపలా ఉండే అతన్నే, లోపలికి పిలిచి చేతులు చాపమన్నారు. "రా నాన్నా" అన్నాడతను. హవిష్ రెండు కాళ్ళూ ఆడించి, చొంగ కారుస్తూ నవ్వి, అతని చేతుల్లోకి వెళ్ళిపోయాడు. వెళ్ళి అతని జేబులోని పెన్ను నోట్లో పెట్టుకున్నాడు. కమిటీలో పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఏ ఆధారమూ అడగకుండా వెళ్ళాడని రాసుకున్నారు. తర్వాత వచ్చిన పిల్లవాడు మీసాలు చూడగానే ఏడుపందుకున్నాడు. అనుభవజ్ఞుడని రాసి పంపేశారు. వాడి తల్లి కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తుంటే, ఏం ఫరవాలేదమ్మా, వ్యాపార నిర్వహణ కోర్సుకి పనికొస్తాడని గుమాస్తా ధైర్యం చెప్పాడు.

ఫెలోషిప్పు సొమ్ము నెలనెలా పిల్లవాడి పేరు మీదే బ్యాంకులో పడేది. తీయాలంటే ఖాతాదారు సంతకం కావాలి. ఖాతాదారుకి పెన్ను నమలడమే వచ్చు. అందుచేత అది అలా పడుతూనే ఉంది, దాన్ని ఎవరూ తీయలేదు, ఎవరూ ఫిర్యాదూ చేయలేదు.

వాడికి గైడుగా డాక్టర్ సువర్చలగారిని వేశారు. మెత్తటి మాట, ఇస్త్రీ నలగని నూలు చీర. మొదటిరోజు వీరవేణిని కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి పరిశోధన వివరించారు.

"ప్రస్తుతం హవిష్‌గారు అందర్నీ నమ్ముతున్నారు. థీసిస్ పూర్తయ్యేనాటికి ఎవర్నీ నమ్మరు. ఆ మధ్యలో జరిగేదే పరిశోధన."

"ఎవర్నీ అంటేనండీ?"

"ఆధారం చూపించనిదే ఎవర్నీ."

వీరవేణి ఒళ్ళో ఉన్న పిల్లవాడి పాదాన్ని గుప్పిట్లోకి తీసుకుంది. "నన్ను కూడానాండీ?"

"'ఎవర్నీ' అన్న మాటలో మినహాయింపులుండవమ్మా" అన్నారు సువర్చలగారు. అని, పిల్లవాడి మొలతాడుకి వెండిమువ్వలాంటిదొకటి కట్టారు. వాడి చుట్టుపక్కల ఎవరు ఏమన్నా మువ్వ విని రాసుకుంటుంది. అందులో పడిన మాట రికార్డు. పడని మాట జరగనట్టు లెక్క.

అలా హవిష్ పొద్దున్న వెళ్ళి సాయంత్రం వచ్చే మనిషయ్యాడు. లోపల ఉయ్యాలల ప్రయోగశాలలో స్కాలర్లు చదువుకుంటుంటే, బయట రేకుల షెడ్డులో తల్లులు కూర్చునేవారు. పాలవేళకి ఆయా వచ్చి పేరు పిలిచేది. మొదటివారంలోనే ఒక చిక్కు వచ్చింది. వీరవేణి అత్తగారు సూరయ్యమ్మ మనవడికి దిష్టిచుక్క ఒకరోజు కుడిబుగ్గన, ఒకరోజు ఎడమబుగ్గన, మనసు బాగాలేని రోజున నుదుటన పెట్టేది. చుక్క జరిగిన ప్రతిరోజూ హాజరు వేసే కెమెరా హవిష్‌ని కొత్త మనిషిగా గుర్తించి గైరుహాజరు వేసింది. చుక్క ఎక్కడుండాలో ఒకచోటు నిర్ణయించి రాసివ్వమని ఆఫీసు అడిగింది.

"దిష్టికి చోటు చెప్పి పెడతామా ఎక్కడైనా? చెప్పి పెడితే అది దానికి తెలిసిపోదా?" అంది సూరయ్యమ్మ.

ఈ మాట మువ్వలో పడింది. సువర్చలగారు విని చాలా సంతోషించి, చూసే కన్నును తప్పుదారి పట్టించే పురాతన పద్ధతి మీద హవిష్ పేరునా తన పేరునా ఒక పత్రం అచ్చువేయించారు. చుక్కని మాత్రం అరికాలికి మార్పించారు.

చదువు చురుగ్గా సాగింది. హవిష్ మొదట కొరియరువాళ్ళ దగ్గరికి వెళ్ళడం మానేశాడు. తర్వాత ఎదురింటావిడ దగ్గరికి. ఆవిడ పుట్టిన దగ్గర్నుంచీ ఎత్తుకున్న మనిషి. ఒకరోజు ఆవిడ చేతులు చాపితే, వాడు ఆవిడ మొహం చూడకుండా చేతుల్లో ఏమైనా ఉందా అని చూశాడు. ఆవిడ నొచ్చుకోలేదు. ఇంట్లోకి వెళ్ళి ఆధార్ కార్డు తెచ్చి చూపించి, ఎత్తుకుని, దించి వెళ్ళింది. బోర్లా పడినప్పుడు బొబ్బట్లు పంచినట్టే, పిల్లవాడు ఒకర్ని నమ్మడం మానిన ప్రతిసారీ ఆ వీధిలో నువ్వుండలు పంచేవారు. వీరవేణి కూడా పంచింది. పంచుతూ ఎవరికీ తెలియకుండా లెక్క చూసుకునేది, ఇంకా ఎవరెవరు మిగిలారా అని.

ఒక ఆదివారం సూరయ్యమ్మ వంతు వచ్చింది. ఉగ్గుగిన్నె పట్టుకుని కూర్చుంటే, ఓటీపీ నెంబరు చెప్పేదాకా తిననన్నట్టు వాడు పెదాలు బిగించేశాడు.

"ఓరి నీ ఎదవేషాలో! నీ బాబుని పెంచిన చేతుల్రా ఇవి. నాకే నెంబరు కావాలేంట్రా?"

"ఫోనుకి వచ్చుంటదమ్మా, చూసి చెప్పు" అన్నాడు ధనరాజు.

"నా ఫోనెక్కడుంది? నీ దగ్గరే కదా బాగుచేత్తానని పట్టుకుపోయావ్, ఆర్నెల్లయ్యింది!"

ధనరాజు నాలిక కరుచుకున్నాడు. ఆ పూట ఉగ్గు వీరవేణి పెట్టింది. మర్నాడు ధనరాజు వంతూ వచ్చింది. షాపు నుంచి వచ్చి చేతులు చాపితే వాడు తండ్రి మెడలోని గుర్తింపు కార్డుకేసి చూసి, ఫొటోని మొహంతో పోల్చుకుని, గడ్డం పెరిగిందని వెనక్కి తగ్గాడు. ధనరాజు అప్పటికప్పుడు వెళ్ళి గడ్డం గీయించుకొచ్చాడు. కొడుకు తెలివి గురించి షాపులో అందరికీ చెప్పాడు.

వీరవేణి దగ్గరికి మాత్రం వాడు అడక్కుండా వచ్చేసేవాడు. ఆమె గుమ్మంలో అడుగుపెడితే చాలు, లోపల ఎక్కడున్నా కాళ్ళు కొట్టుకునేవాడు. ఒళ్ళోకి రాగానే జాకెట్టు పిన్ను వెతుక్కునేవాడు. ఏ ఆధారమూ లేదు. సువర్చలగారు ఆమెను పిలిపించి మెల్లగా చెప్పారు.

"అన్ని తలుపులూ వేసేశాం వేణిగారూ. మీ దగ్గరే బార్లా తీసుంది. దీన్ని మా భాషలో లోపం అంటాం. లోపం ఉంచి థీసిస్ పంపితే బయటి పరీక్షకులు తిప్పి పంపేస్తారు."

"నన్నేం చెయ్యమంటారండి?"

"కొన్నాళ్ళు కాస్త తక్కువ అమ్మగా ఉండి చూడండి."

వీరవేణి అలాగే ప్రయత్నించింది. జోలపాట మానేసింది. తలకి రాసుకునే నూనె మార్చింది. పాలిచ్చేటప్పుడు భర్త చొక్కా వేసుకుని, మొహానికి రుమాలు కట్టుకుంది. హవిష్ రుమాలు లాగేసి పకపకా నవ్వాడు. ఆమెకి వాడి చదువు పాడవుతోందని భయం. దాంతోపాటే లోపలెక్కడో సంతోషం కూడా కదిలింది. ఆ సంతోషం మువ్వకి వినిపిస్తుందేమోనని ఊపిరి బిగపట్టి కూర్చుంది. ఏ తల్లయినా కొడుకు చదువుకి అడ్డం రావచ్చునా అని తనని తానే తిట్టుకుంది. మర్నాడు మళ్ళీ వాడు నవ్వితే మళ్ళీ అదే సంతోషం.

ఇలా ఉండగా ఆమె అన్న దొరబాబు వచ్చాడు. దొరబాబు రైసుమిల్లులో లారీ తోలుతాడు. మనిషి వచ్చాడంటే వీధి చివరికి వినపడుతుంది. మేనల్లుడి దగ్గరికి వెళ్ళి, సంగతి ముందే తెలిసినవాడు కనుక లైసెన్సు చూపించి, ఎత్తుకుని గాల్లోకి ఎగరేశాడు.

"ఏరా డాట్రు, మావయ్యకి లైసెన్సు అడుగుతావా? మీ అమ్మనేం అడగవే? అసలు నీకు తెల్దేమో, నువ్వు మీ అమ్మకి పుట్టలేదు. నిన్ను మా మిల్లు దగ్గర తవుడుకి కొన్నాం. గంపెడు తవుడు పోత్తే నిన్నిచ్చేశారు. ఎక్కువైందని మీ నాన్న బేరం కూడా ఆడాడు!"

అందరూ నవ్వారు. సూరయ్యమ్మ నవ్వింది, వీరవేణి నవ్వింది, ఎగరేసినందుకు హవిష్ కూడా నవ్వాడు. ఆ మాట చిన్నప్పుడు దొరబాబుకి ఎవరో అన్నారు, వీరవేణికి దొరబాబు అన్నాడు. మేనమామ వచ్చి ఆ మాట అనకుండా వెళితే పిల్లవాడి మీద ప్రేమ లేదనుకుంటారు. మువ్వ నవ్వలేదు. విన్నది విన్నట్టు రాసుకుంది.

మర్నాడు సాయంత్రం ఆయా అందరి పేర్లూ పిలిచింది, వీరవేణి పేరు తప్ప. షెడ్డు ఖాళీ అయ్యాక లోపలికి రమ్మన్నారు. సెక్షన్ ఆఫీసరు గున్నేశ్వరరావుగారు లేచి నిలబడి, కూర్చోమని, తర్వాత తాను కూర్చున్నారు.

"ఆ బాబు మీకేమవుతారండి?"

"ఏమవుతాడేంటండి? నా కొడుకండి."

"కొడుకన్నది సంబంధమండి. అది ఎలా ఏర్పడిందని అడుగుతున్నాను. కన్నారా, కొన్నారా?"

వీరవేణికి మొదట వినపడలేదనుకున్నారాయన. మళ్ళీ అడిగారు.

"కన్నానండి" అంది.

"కొన్నారని రికార్డయిందండి. నిన్న సాయంత్రం. గంపెడు తవుడుకి. పుట్టలేదు అన్న మాట కూడా స్పష్టంగా ఉంది."

ఆమె వెంటనే అన్నకి ఫోన్ చేసింది. దొరబాబు లారీ రోడ్డు మీదే వదిలేసి వచ్చాడు.

"ఎకసెక్కానికన్నానండి బాబూ! మేనమామలం, ఆ మాత్రం ఎకసెక్కాలాడమా ఏటి?"

"ఎకసెక్కమని మాట చివర చెప్పలేదు కదండి మీరు."

"ఎకసెక్కమని చెప్పి ఎకసెక్కమాడతారా ఎవరైనా?"

"ఆయ్, అదీ నిజమేనండి" అని గున్నేశ్వరరావుగారు ఒప్పుకున్నారు. ఒప్పుకుని, పుట్టిన సర్టిఫికెట్టు అడిగారు. వీరవేణి సంచిలోంచి తీసిచ్చింది. అందులో తల్లి పేరు వీరవాణి అని పడింది. ఆసుపత్రిలో తొందరలో రాసుకున్నారు, దిద్దించుకోవాలనుకుంటూనే రోజులు గడిచిపోయాయి.

"వీరవాణిగారొస్తే ఈ నిమిషమే ఇచ్చేస్తామండి" అన్నారాయన.

"కుట్లున్నాయండి" అంది వీరవేణి నెమ్మదిగా. "ఆపరేషనయ్యింది నాకు."

ఆయన మర్యాదగా తల దించుకున్నారు. "కుట్ల మీద పేరుండదు కదమ్మా."

అద్దం అవతల ఉయ్యాల్లో హవిష్ ఏడుస్తున్నాడు. అది ఆకలి ఏడుపని ఆమెకు ఇక్కడికే తెలుస్తోంది. ఇవతల ఆమె జాకెట్టు తడిసిపోయి కొంగు అడ్డం వేసుకుంది. ఒక్కసారి లోపలికి వెళ్ళనివ్వమని అడిగితే, అభ్యంతరం లేదన్నారు. ఉయ్యాల దగ్గరికి వెళ్ళి వంగింది. హవిష్ ఏడుపాపి ఆమె మొహంలోకి చూశాడు. కాళ్ళు కొట్టుకోలేదు. చేతులు చాపలేదు. ఆయా చేతిలో ఉన్న తెర వైపు చూశాడు. తెర మీద సంబంధం అన్నచోట ఖాళీ ఉంది. వాడు మళ్ళీ ఏడుపు మొదలుపెట్టాడు. వీరవేణి ఎత్తుకోబోతే ఒళ్ళు విల్లులా వెనక్కి వంచేశాడు.

సువర్చలగారు వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేసి పక్కకి తీసుకెళ్ళారు. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. చాలాకాలం తర్వాత ఒక ప్రయోగం ఫలించింది మరి.

"అదెవరో సరదాకన్న మాటని మీకూ నాకూ అనిపిస్తుంది వేణిగారూ. కానీ మా దగ్గరున్న స్కాలర్లందరి రికార్డులూ తీయించాను. ప్రతి ఇంట్లోనూ ఈ మాట ఉంది. ఒకింట్లో మేనమామ, ఒకింట్లో బామ్మ, ఒకింట్లో పక్కింటివాళ్ళు. ఒకరికొకరు తెలియనివాళ్ళు. అందరూ తవుడనే అంటున్నారు. ఒక్కరైనా ఉలవలని గానీ జొన్నలని గానీ అనలేదు. ఇన్నిచోట్ల ఇంత కచ్చితంగా కలిసిన సాక్ష్యం మా శాస్త్రంలో ఇంకోటి లేదు. కన్నామనే మాట మాత్రం ప్రతి పిల్లవాడికీ ఒక్క మనిషే చెబుతోంది. ఆ మనిషికి అందులో ప్రయోజనం కూడా ఉంది."

వీరవేణి ఆలోచించింది. ఎక్కడ తప్పుందో తెలుస్తోందిగానీ వేలు పెట్టి చూపించడం చేతకాలేదు. ఇంటర్ పూర్తి చేసి ఉంటే తెలిసేదేమో అనుకుంది.

"మరి మీరండీ?" అని అడిగింది.

"నన్నూ తవుడుకే కొన్నారని మా అమ్మమ్మ చెప్పేది" అన్నారు సువర్చలగారు మామూలుగా. "మా రోజుల్లో బిల్లులిచ్చేవారు కాదు. మీకా ఇబ్బంది లేదు."

దొరబాబు మిల్లుకి పరుగెత్తాడు. మిల్లు గుమాస్తా అతన్ని వింతగా చూడలేదు. తవుడు గేదెకా, పిల్లాడికా అని అడిగాడు. పిల్లాడికైతే వేరే బిల్లు పుస్తకం ఉంది. అది సగానికి పైగా వాడేశారు. పిల్లవాడు పుట్టిన రోజు తేదీ వేసి, కొన్నవారి పేరు ఆధార్ కార్డులో ఎలా ఉందో అలాగే రాసి, ముద్ర వేసిచ్చాడు. దొరబాబు తిరిగొచ్చేదాకా వీరవేణి అద్దానికి నుదురు ఆనించి నిలబడే ఉంది. హవిష్ ఏడ్చి ఏడ్చి, గొంతు రాసుకుపోయి, వెక్కిళ్ళు పెడుతున్నాడు. ఆయా పట్టిన సీసాని నాలికతో నెట్టేస్తున్నాడు.

గున్నేశ్వరరావుగారు బిల్లు వెలుగులో పట్టుకుని చూశారు.

"నూనె తియ్యని తవుడేనాండి?"

"ఆయ్, తియ్యనిదేనండి" అన్నాడు దొరబాబు.

"మంచిదండి. నూనె తీసినదైతే మళ్ళీ వేరే విభాగానికెళ్ళాలి." ఆయన ఒక ఫారం తీసి, దాని మీద ఒక మాట దిద్ది వీరవేణి ముందుకు జరిపారు. వాళ్ళ దగ్గర ముందే అచ్చయి ఉన్నది కన్నతల్లి అని. క మీద ఒక ఒత్వం చేర్చి కొన్నతల్లి చేశారు. "ఒక్క ఒత్వమే కదమ్మా తేడా. ఇక్కడ సంతకం పెట్టండి."

"నేను కన్నానండి" అంది వీరవేణి. గట్టిగా అనలేదు. ఎవరితోనూ అనలేదు.

దొరబాబు గోడవైపు తిరిగిపోయాడు. "పెట్టేయ్ చెల్లీ. ముందు వాడి కడుపు నిండనీ."

అవతల్నుంచి హవిష్ వెక్కు ఒకటి వినపడింది. ఆమె సంతకం పెట్టింది. పెట్టేటప్పుడు పేరు తప్పు రాయకుండా అక్షరం అక్షరం కూడబలుక్కుంది.

బిల్లు తీసుకుని ఉయ్యాల దగ్గరికి వెళ్ళింది. తెర మీది ఖాళీ నిండింది. హవిష్ ఆమె మొహం చూశాడు, తెర చూశాడు, కుడిచెయ్యి చాపి అరచెయ్యి తెరిచాడు. అప్పటిదాకా వాడు ఏదీ ఇమ్మని అలా అడిగింది లేదు.

"తే" అన్నాడు.

అది వాడి మొదటి మాట. ఆమె బిల్లు అరచేతిలో పెట్టింది. వాడు దాన్ని నోట్లో పెట్టుకుని, చిగుళ్ళతో నమిలి, రుచి చూసి, ముద్ద చేసి, తృప్తిపడ్డాక రెండు చేతులూ చాపాడు. ఆమె ఎత్తుకుంది. ఆయా తలుపు వేసింది. వాడు గుటకలు వేస్తున్న చప్పుడు బయట నిలబడ్డ కమిటీ పెద్దాయనకీ సువర్చలగారికీ వినపడింది. అంతా కలిపి మౌఖిక పరీక్షగా పరిగణించి డిగ్రీ ఇచ్చేశారు.

వీధిలో పెద్ద ఫ్లెక్సీ కట్టారు. డాక్టర్ హవిష్ అని, పక్కన చేతులు కట్టుకున్నట్టు కనిపించేలా ఫొటో. సూరయ్యమ్మ ఈసారి నువ్వుండలు కాదు, కాజాలు పంచింది. టైలరుగారి మనవరాలు ఇంకా తల్లి దగ్గరే ఆగిపోయిందని, ఆ పిల్ల చదువు గట్టెక్కేలా లేదని చెప్పుకున్నారు. ఆ తల్లి ఒకరోజు వచ్చి గుమ్మం దగ్గర నిలబడి, ఏ మిల్లులో తీసుకున్నారో చెప్పమని గుసగుసగా అడిగింది. వీరవేణి మిల్లు పేరూ గుమాస్తా పేరూ ఓపిగ్గా చెప్పి పంపింది.

బిల్లు నకళ్ళు ఆమె కట్టగా తీయించి పెట్టుకుంది. పాలకి ఒకటి, స్నానానికి ఒకటి, నిద్రపుచ్చడానికి ఒకటి. ప్లాస్టిక్ వేయిస్తే నమలడానికి కుదరక వాడు ఒప్పుకోలేదు. మొదట్లో బిల్లు చూపించేటప్పుడు ఆమె మొహం పక్కకి తిప్పుకునేది. అలవాటయ్యాక, అసలు ఇదే నయమనిపించింది. ఇంతకుముందు వాడు ఏ క్షణాన తనని కాదంటాడోనని లోపల బెంగ ఉండేది. ఇప్పుడు చేతిలో కాగితం ఉంది. కాగితమున్నంతసేపూ వాడు వస్తాడు. ఆమెకి కంటినిండా నిద్ర పట్టడం కూడా అప్పుడే మొదలైంది.

ఒకరోజు పాలిచ్చాక హవిష్‌ని వాకిట్లో చాప మీద కూర్చోబెట్టింది. సూరయ్యమ్మ బియ్యం చెరుగుతూ వాడివైపే చూస్తోంది.

"ఆ ముక్కు చూడవే. అచ్చు గుద్దినట్టు నీదే."

వీరవేణి పిల్లవాడి మొహాన్ని ఇటూ అటూ తిప్పి చూసింది. వేలితో తన ముక్కు తడుముకుంది. మళ్ళీ వాడి ముక్కు చూసింది.

"నేనూ అదే అనుకుంటన్నానత్తయ్యా. తవుడుకి కొన్నోడికి నా ముక్కు ఎలా వచ్చిందో" అంది.

ఆ మాట ఆమె ఎకసెక్కానికి అనలేదు.